రెఫ్యూజియం డైరీ: బకెట్‌లో పడ్డ నాచే లెక్క

మొదలుపెట్టే ముందు

ట్యాంకు 100 × 50 × 50 సెం.మీ. రాళ్లు పోగా అందులో ఉప్పునీళ్లు 190 లీటర్లు. కింద స్టాండులో సంప్ (ట్యాంకు నీళ్లు దిగి, పంపుతో మళ్లీ పైకెళ్లే తొట్టి), అందులో ఉండే 60 లీటర్లు కలుపుకుంటే మొత్తం 250. ఆరు చేపలు, మెత్తని పగడాలు, కొన్ని ఎల్‌పీఎస్ (పెద్ద పాలిప్‌ల రాతి) పగడాలు. ఉప్పు 35 పీపీటీ (వెయ్యికి వంతులు), వేడి 25.5 డిగ్రీలు, ఆల్కలినిటీ 8.2 డీకేహెచ్ (దాని కొలమానం), కాల్షియం 420, మెగ్నీషియం 1320 పీపీఎం (పది లక్షలకు వంతులు). ఇంతవరకూ వంక పెట్టడానికి లేదు.

వంకంతా మిగతా మూడింటిలో ఉంది. నైట్రేట్ 28 పీపీఎం. ఫాస్ఫేట్ 0.19 పీపీఎం. పీహెచ్ సాయంత్రం 8.24 దాకా వెళ్లి తెల్లవారేసరికి 7.86కి జారుతోంది.

వారం వారం 10 శాతం నీళ్లు మారుస్తూనే ఉన్నాం, నైట్రేట్ మాత్రం కదలదు. 10 శాతం మారిస్తే 28 కాస్తా 25 అవుతుంది. ఆ వారమంతా వేసే మేత తగ్గిన ఆ 3 పీపీఎంను మళ్లీ నింపేస్తుంది. అంటే వచ్చేదీ పోయేదీ సరిసమానం. అంకె తగ్గాలంటే బయటికి పోయే దారి ఇంకొకటి కావాలి. ఆ దారి కోసమే రెఫ్యూజియం.

చేపల నోటికి అందకుండా, ట్యాంకు నీళ్లే తిరిగే ఒక పక్క గది ఇది. అందులో నాచు పెంచుతాం. మేతలోంచి వచ్చిన నైట్రోజన్, ఫాస్ఫరస్ ఆ నాచు ఒంట్లోకి చేరతాయి. అయితే నాచు పెరిగినంత మాత్రాన ట్యాంకులోంచి ఏదీ పోయినట్టు కాదు, నీళ్లలో ఉన్నది నాచులోకి చోటు మారిందంతే. చేత్తో తీసి బకెట్‌లో వేసిన రోజే అది బయటికి పోయినట్టు. అందుకే ఈ డైరీలో ప్రతిసారీ నాచును తూకం వేసి రాశాం.

1వ రోజు: సంప్ గదులు

కొత్త సంప్ 75 × 40 × 40 సెం.మీ., 8 మి.మీ. గాజు. లోపలి పొడవు 73.4 సెం.మీ. దాన్ని ఎడమ నుంచి కుడికి ఇలా పంచాం: స్కిమ్మర్ (నురగతో మురికి లాగే పరికరం) గది 25, బుడగలు ఆపే ఇరుకు సందులు రెండు కలిపి 5, రిటర్న్ పంపు (నీళ్లను ట్యాంకుకు తోసేది) గది 14, రెఫ్యూజియం 27. మధ్యలో 6 మి.మీ. అడ్డుగాజులు నాలుగు, వాటి మందం 2.4.

స్కిమ్మర్ వైపు మొదటి అడ్డుగాజు ఎత్తు 22 సెం.మీ. రెండోది అడుగు నుంచి 3 సెం.మీ. పైకి లేపి అతికించాం. మూడోది 20. నీళ్లు మొదటిదాని మీదుగా దూకి, రెండోదాని కిందుగా దూరి, మూడోదాని మీదుగా పంపు గదికి వస్తాయి. రెఫ్యూజియం అడ్డుగాజు 26 సెం.మీ., అడుగు దాకా మూసేసి ఉంటుంది. లోపలి వెడల్పు 38.4 కాబట్టి రెఫ్యూజియంలో నిలిచే నీళ్లు సరిగ్గా 27 లీటర్లు. మొత్తం నీళ్లలో పదో వంతుకు కాస్త పైన. ఇంతకంటే చిన్నదైతే నాచు చాలదని కాదు, పెరిగిన నాచు రెండు వారాలకే గదిని కమ్మేస్తుంది.

రెఫ్యూజియాన్ని మధ్యలో పెట్టి, ట్యాంకు నుంచి దిగే నీళ్లన్నీ దానిలోంచే పోనిచ్చే పద్ధతి కూడా ఉంది. వద్దనుకున్నాం. పంపు గంటకు 1500 లీటర్లు తోస్తుంది. 27 లీటర్ల గదిలోంచి అంత నీరు పోతే గంటకు 55 సార్లు మారినట్టు. నాచు తట్టుకుంటుంది గానీ చేపలకు మేతయ్యే సన్న పురుగులు (కోపెపాడ్ల లాంటివి) నిలవవు. పైగా చేపల పెంట, మిగిలిన మేత అంతా వచ్చి నాచు ముద్దలో ఇరుక్కుంటుంది. కుడి చివర పెట్టి, రిటర్న్ పైపుకు ఒక టీ (మూడు దారుల పైపు ముక్క) తగిలించి, అక్కడి నుంచి కొద్ది నీరు మాత్రమే పంపుతున్నాం.

స్కిమ్మర్ వడకట్టాక వచ్చే నీళ్లలో నాచుకు తిండేం మిగులుతుందన్న సందేహం చాలామందికి వస్తుంది. స్కిమ్మర్ తీసేది నురగకు అంటుకునే సేంద్రియ పదార్థాన్ని. కరిగి ఉన్న నైట్రేట్, ఫాస్ఫేట్ దానికి చిక్కవు. ఆ రెండూ సంప్‌లో ఏ గదిలో కొలిచినా ఒకే అంకె వస్తుంది.

3వ రోజు నుంచి 12వ రోజు: అతుకులు, నీటి పరీక్ష

బూజు మందు కలపని అక్వేరియం సిలికాన్ వాడాం. అతికించే అంచులను అసిటోన్‌తో తుడిచి, పాత సిలికాన్ పొర ఉంటే బ్లేడుతో గీకేశాం. కొత్త సిలికాన్ పాతదానికి అంటదు. వారం ఆరబెట్టాక మామూలు నీళ్లు నింపి 48 గంటలు ఉంచాం. ముందు రెఫ్యూజియం ఒక్కటే నింపి చూడాలి, పక్క గది పొడిగా ఉంటేనే అడ్డుగాజు కారుతోందో లేదో తెలుస్తుంది. కింది మూల ఒకటి చెమ్మగా కనిపించింది. నీళ్లు తీసి, ఆరబెట్టి, ఆ మూల పూర్తిగా కోసి మళ్లీ వేశాం. కారే చోట పైపైన పూస్తే నిలవదు.

14వ రోజు: పైపులు, సైఫన్ తలనొప్పి

టీ నుంచి రెఫ్యూజియానికి 12 మి.మీ. గొట్టం, మధ్యలో గేట్ వాల్వు. బాల్ వాల్వుతో సన్నని సర్దుబాటు కుదరదు. పిసరంత తిప్పితే సగం ధార మారిపోతుంది.

ధార ఎంతో తెలుసుకోవడానికి మీటరు అక్కర్లేదు. గొట్టం చివర లీటరు జగ్గు పెట్టి ఎన్ని సెకన్లలో నిండిందో చూసి, 3600ను ఆ సెకన్లతో భాగించాలి. 12 సెకన్లకు నిండేలా వాల్వు సర్దాం. అంటే గంటకు 300 లీటర్లు, గది గంటకు 11 సార్లు మారుతుంది.

గొట్టం చివరను గది అడుగున, గోడ పక్కగా తిప్పి పెట్టాం. నాచు ముద్ద మెల్లగా దొర్లాలని. దొర్లితే అన్ని వైపులా వెలుతురు పడుతుంది. నడుస్తున్నంతసేపూ బాగుంది. కరెంటు తీసి చూస్తే అసలు సంగతి బయటపడింది. పంపు ఆగగానే రెఫ్యూజియం నీళ్లు అదే గొట్టంలోంచి వెనక్కి నడిచి, టీ మీదుగా పంపు గదిలోకి దిగిపోయాయి. రెండు గదుల మట్టం సమానమయ్యేదాకా ఆగలేదు. 

నీటిమట్టానికి 1 సెం.మీ. కిందుగా గొట్టానికి 4 మి.మీ. రంధ్రం వేస్తే సరిపోయింది. నీళ్లు ఆ రంధ్రం దాకా దిగగానే గాలి దూరి సైఫన్ తెగిపోతుంది. ఈ రంధ్రం నాచుతో పూడుకుపోతే కథ మళ్లీ మొదటికొస్తుంది కాబట్టి నెలకోసారి టూత్‌పిక్‌తో పొడవడం పనుల జాబితాలో చేరింది.

అదే పరీక్షలో ట్యాంకు నుంచి ఎంత నీరు కిందికి దిగుతుందో కూడా కొలిచాం. మట్టం 2.2 సెం.మీ. తగ్గింది, సుమారు 10 లీటర్లు. ఓవర్‌ఫ్లో పెట్టెలో, పైపుల్లో ఉన్నది ఇంకో 3. సంప్‌లో ఇంకా 40 లీటర్ల దాకా ఖాళీ ఉంది, పొంగిపోయే భయం లేదు.

ఇంకొక్క లోపం. రెఫ్యూజియం నుంచి పంపు గదిలోకి 8 సెం.మీ. ఎత్తు నుంచి నీళ్లు దూకుతున్నాయి. పంపు పక్కనే పడటంతో సన్న బుడగలు పైనున్న ట్యాంకులోకి వెళ్లి నీళ్లు మసకగా కనిపించాయి. అడ్డుగాజు అంచు నుంచి 45 డిగ్రీల వాలులో యాక్రిలిక్ పలక ఒకటి అమర్చాం. నీళ్లు దూకకుండా జారుతున్నాయి. బుడగలూ పోయాయి, చప్పుడూ పోయింది.

15వ రోజు: ఇసుక వేయాలా వద్దా

వేయలేదు. లోతైన ఇసుక పరుపు అడుగున ఆక్సిజన్ లేని పొరలో బ్యాక్టీరియా నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చేస్తుంది, అది నిజమే. కానీ దానికి సన్న ఇసుక కనీసం 10 సెం.మీ. లోతు కావాలి. ఈ గదిలో అంటే 10 లీటర్ల ఇసుక, 15 కిలోలకు అటూ ఇటూ. 26 సెం.మీ. లోతులో పది ఇసుకకే పోతే నాచుకు మిగిలేది 16. ఆ ఇసుక పరుపు వైశాల్యం చూస్తే చదరపు మీటరులో పదో వంతు. అంత చిన్న పరుపు చేసే పని తక్కువ. చెత్త పేరుకుని, ఎప్పుడైనా కదిపితే లేచే హైడ్రోజన్ సల్ఫైడ్‌తో వచ్చే ముప్పే ఎక్కువ. ఇసుక కావాలనుకునేవాళ్లు పెద్ద గది కట్టుకోవాలి, లేదా ఆ ఆలోచన మానుకోవాలి. రెండు అంగుళాల ఇసుక వేయడం మాత్రం రెంటికీ చెడ్డ పని. నైట్రేట్ తగ్గదు, అడుగు శుభ్రం చేయడమూ కుదరదు.

ఇసుక బదులు అడుగు నుంచి 3 సెం.మీ. పైన ప్లాస్టిక్ గళ్ల జాలీ, దాని మీద గుప్పెడంత సైజు రాతి ముక్కలు 2 కిలోలు. సన్న పురుగులకు దాక్కునే చోటు దొరికింది. జాలీ కిందికి గొట్టం పెట్టి చెత్త లాగేయొచ్చు.

16వ రోజు: లైటు, నాచు

24 వాట్ల ఎల్ఈడీ. తెల్లటి వెలుతురుతో పాటు 660 నానోమీటర్ల ఎరుపు దీపాలు కొన్ని ఉన్నది. ఎరుపు, నీలం మాత్రమే ఉండే వంకాయ రంగు లైట్ల కింద నాచు బాగానే పెరుగుతుంది, కానీ ఆ వెలుతురులో నాచు పచ్చగా ఉందో పాలిపోయిందో మన కంటికి తెలియదు. నీళ్లకు 18 సెం.మీ. పైన వేలాడదీశాం. తీగ సాకెట్‌కు చేరేముందు కిందికి వంగి పైకి లేచేలా వదిలాం, చుక్క జారినా వంపు దగ్గరే కింద పడుతుంది. ఆ వరసకంతా ఆర్సీడీ (కరెంటు లీకైతే కట్ చేసే స్విచ్) ఉంది. రెఫ్యూజియం పక్కగోడకు బయట నల్ల షీటు అతికించాం, లేకపోతే పంపు గదిలో కూడా నాచు మొలుస్తుంది.

నాచు కీటోమార్ఫా, అందరూ కీటో అనేది. డైట్‌తో సంబంధం లేదు. చిక్కుపడ్డ పచ్చ నైలాన్ దారపు ఉండలా, ముట్టుకుంటే గరగరగా ఉంటుంది. వేళ్లు పాతుకోదు, రాళ్లకు అంటుకోదు, తీయడం తేలిక.

కాలెర్పా దీనికంటే అందంగా ఉంటుంది, వేగంగానూ పెరుగుతుంది. అయినా వద్దనడానికి కారణం దాని ఒంటి తీరు. కాలెర్పా మొక్క మొత్తం ఒకే ఒక్క కణం, లోపల అడ్డుగోడలు లేవు. తుంపితే లోపలి రసం కారుతుంది. పైగా ఏదో ఒక రోజు మొక్క ఉన్నపళంగా బీజకణాలుగా మారి నీళ్లలోకి వదిలేస్తుంది. పొద్దున్నకల్లా నీళ్లు పాలలా తెల్లబడి, మొక్క గాజు తొడుగులా మిగులుతుంది. నెలల తరబడి అది మింగిందంతా ఒక్క రాత్రిలో ట్యాంకుకు తిరిగొచ్చినట్టే. 24 గంటలూ లైటు ఉంచితే ఇది జరగదంటారు. అయితే చీకటి పూట పీహెచ్‌ను నిలబెట్టడానికి లైటు వేళలు మన చేతిలో ఉండాలి. ఈ రెండూ పొసగవు.

120 గ్రాముల కీటో. తూచే పద్ధతి ఎప్పుడూ ఒకటే ఉండాలి: జల్లెడలో వేసి, పిండకుండా, సరిగ్గా ఒక నిమిషం నీరు కారనిచ్చి తూకం. వేసేముందు తెల్ల పళ్లెంలో ట్యాంకు నీళ్లు పోసి, ఉండను పాయలు పాయలుగా విడదీసి చూశాం. ఆకుపచ్చ గాజు పూసల్లాంటి బుడగ నాచు రెండు పూసలు కనిపించాయి. వాటిని చిట్లకుండా తీయాలి. చిట్లితే లోపలి బీజాలు చెదురుతాయంటారు. గోధుమ రంగు ఐప్టేసియా (పగడాలను కుట్టే చిన్న అనిమోన్) ఒకటి దారానికి పట్టుకుని ఉంది. దాన్ని పీకలేదు, ఆ దారమే కత్తిరించి పారేశాం. ఐప్టేసియా చిన్న ముక్క మిగిలినా మళ్లీ మొలుస్తుంది.

ట్యాంకు లైట్లు పొద్దున 10 నుంచి రాత్రి 8 దాకా. రెఫ్యూజియం లైటు రాత్రి 9 నుంచి తెల్లవారి 5 దాకా, మొదట 8 గంటలే. కొత్త నాచుకు ఒక్కసారే 12 గంటలు ఇస్తే పాలిపోతుంది.

2వ వారం (నాచు వేసిన రోజు నుంచి)

తూకం 115 గ్రాములు. పెరగకపోగా తగ్గింది. నైట్రేట్ 28, ఫాస్ఫేట్ 0.18.

కొత్త నీళ్లకు అలవాటయ్యే లోపు కొన్ని దారాలు చచ్చిపోతాయి, ఇది మామూలే. ఈ దశలోనే చాలామంది లైటు మార్చేసి, ఇంకేదో మందు పోసేసి, ఏది పని చేసిందో తెలియకుండా చేసుకుంటారు. తెల్లబడ్డ దారాలు మాత్రం ఏరేశాం. అవి కుళ్లితే తీసుకున్నది తిరిగిచ్చేస్తాయి. మిగతా దారాలు ముదురు ఆకుపచ్చగా, గట్టిగా ఉన్నాయి కాబట్టి ఏదీ కదపలేదు.

ఈ వారమే టిస్బే కోపెపాడ్లు వేశాం, రాత్రి, లైటు వెలగకముందు, పంపు గంటసేపు ఆపి. నీటి ధారలో కొట్టుకుపోకుండా రాళ్ల సందుల్లోకి దిగడానికి ఆ గంట.

4వ వారం

190 గ్రాములు. లైటు 12 గంటలకు పెంచాం, రాత్రి 9 నుంచి ఉదయం 9. నైట్రేట్ 26, ఫాస్ఫేట్ 0.15.

నాచు దారాల మీద గోధుమ రంగు దుమ్ములాంటి పొర. ధార తగ్గిందేమోనని జగ్గుతో కొలిస్తే లీటరుకు 19 సెకన్లు, అంటే గంటకు 190 లీటర్లే. గొట్టం మూతిలో నాచు దారాలు ఇరుక్కున్నాయి. తీసేసి, వాల్వు మళ్లీ 12 సెకన్లకు తెచ్చి, ఉండను రెఫ్యూజియం నీళ్లలోనే గట్టిగా జాడించాం. వారంలో పొర పోయింది. జగ్గు కొలత అప్పటినుంచి ప్రతి ఆదివారం పని.

అడ్డుగాజు అంచుకు దువ్వెన పళ్లలా గళ్ల జాలీ పట్టీ బిగించాం. దారాలు దాటి పంపు దాకా పోకుండా. అయినా ఒకటీ అరా పోతాయి, మూడు నెలలకోసారి పంపు విప్పక తప్పదు.

6వ వారం: మొదటి కోత

430 గ్రాములు. ఉండ గదిలో సగానికి పైగా ఆక్రమించి, దొర్లడం మానేసింది. లోపలి దారాలు పసుపు తిరుగుతున్నాయి. కోతకు ఇంతకంటే గుర్తు అక్కర్లేదు. ఇంకా ఆగితే మధ్య భాగానికి వెలుతురూ ధారా అందక అక్కడే కుళ్లడం మొదలవుతుంది. పైకి పచ్చగా కనిపిస్తూనే లోపల అసలుకే ఎసరు పెడుతుంది.

ఉండ మొత్తం బయటికి తీసి తెల్ల బకెట్‌లో, 4 లీటర్ల ట్యాంకు నీళ్లలో పెట్టాం. కత్తెర వాడలేదు, చేతులతో పాయలు లాగి విడదీశాం. పసుపు బారిన లోపలి భాగం తీసేసి, బయటి పచ్చని దారాలను వదులుగా విడదీసి తిరిగి వేయాలి. పాయను నీళ్లలో పదిసార్లు జాడిస్తే బకెట్ అడుగున బియ్యపు గింజ పొడవు యాంఫిపాడ్లు (రొయ్య లాంటి చిన్న పురుగులు) పక్కకు వాలి గిరగిరా ఈదుతూ కనిపించాయి. వాటి మధ్య చుక్కల్లాంటి కోపెపాడ్లు ఎగిరెగిరి పడుతున్నాయి. ఒక ముళ్ల పురుగు కూడా, వేలెడు పొడవు. వట్టి చేతులతో పట్టుకుంటే సన్నటి ముళ్లు దిగి రెండ్రోజులు మంట పెడతాయి. గ్లవ్స్ ఉండాలి. పది నిమిషాలు నాచును బకెట్ అంచున వేలాడదీసి, కిందికి దిగిన పురుగులతో సహా ఆ నీళ్లు రెఫ్యూజియంలో పోసేశాం.

తీసేసింది 230 గ్రాములు, ఉంచింది 200. నైట్రేట్ 22, ఫాస్ఫేట్ 0.12.

ఆ 230 గ్రాములతో ఏం పోయిందో ఉజ్జాయింపు లెక్క. తడి నాచులో పదో వంతు పొడి పదార్థం అనుకుంటే 23 గ్రాములు. అందులో నైట్రోజన్ 2.5 శాతం అనుకుంటే 0.58 గ్రాము. నైట్రేట్‌గా మార్చాలంటే 4.43తో హెచ్చించాలి: 2.5 గ్రాములు. 250 లీటర్లలో అది 10 పీపీఎం. మేతతో వారానికి 3 పీపీఎం వచ్చిపడే ట్యాంకులో మూడు వారాల జమ ఒక్క కోతలో పోయినట్టు. పొడి శాతం, నైట్రోజన్ శాతం నాచును బట్టి, దానికి దొరికే తిండిని బట్టి మారతాయి, కాబట్టి దీన్ని పద్దులా కాకుండా కొలబద్దలా చూడాలి.

ఇంకో చిన్న లాభం. నాచు నైట్రేట్‌ను లాక్కున్నప్పుడు ఆల్కలినిటీ కాస్త తిరిగొస్తుంది, 10 పీపీఎంకు 0.45 డీకేహెచ్ వంతున. డోసింగ్ చేసేవాళ్లు (ఆల్కలినిటీ మందు రోజూ పోసేవాళ్లు) ఈ నెలలో కొలతలు దగ్గర దగ్గరగా చూసుకోవాలి.

కోసిన నాచును కాలువలో, చెరువులో, సముద్రంలో పారేయకూడదు. 1984లో మొనాకో తీరాన కాలెర్పా టాక్సిఫోలియా కనబడి మధ్యధరా సముద్రంలో ఎంత పాకిందో, 2000లో కాలిఫోర్నియా తీరంలో అదే కనిపిస్తే వదిలించుకోవడానికి ఎంత అవస్థ పడ్డారో తెలిసిందే. కీటో అయినా సరే, పూర్తిగా ఎండబెట్టి చెత్తలో వేయడమే.

8వ వారం

460 గ్రాములు. 260 తీశాం. నైట్రేట్ 16, ఫాస్ఫేట్ 0.08. నీళ్లకు కాస్త పసుపు ఛాయ వచ్చింది. నాచు వదిలే రంగు పదార్థాలవి. 100 గ్రాముల యాక్టివేటెడ్ కార్బన్ సంచి పెడితే నాలుగు రోజుల్లో తేటపడింది.

పీహెచ్ ఇప్పుడు తెల్లవారుజామున 8.03, సాయంత్రం 8.25. ట్యాంకు చీకట్లో ఉన్నప్పుడు చేపలు, పగడాలు, బ్యాక్టీరియా అన్నీ కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి, పీహెచ్ పడుతుంది. అదే సమయానికి కింద నాచు దాన్ని పీల్చుకుంటోంది. ఊగిసలాట 0.38 నుంచి 0.22కి తగ్గింది. పైఅంచు దాదాపు కదల్లేదని గమనించాలి. రెఫ్యూజియం వల్ల పీహెచ్ పెరుగుతుందని చెప్పేవాళ్లు అసలు చూడాల్సింది రాత్రి అంకె. గది తలుపులు, కిటికీలు మూసి మనుషులు నిండుగా ఉంటే ఈ లాభం కూడా ఆవిరైపోతుంది. అది గాలి సమస్య, నాచు తీర్చేది కాదు.

10, 11 వారాలు: ఫాస్ఫేట్ అడుగంటింది

10వ వారం: 390 గ్రాములు, 190 తీశాం. నైట్రేట్ 9, ఫాస్ఫేట్ 0.03. ఇక్కడే ఆగి ఆలోచించాల్సింది.

11వ వారం: నైట్రేట్ 5. ఫాస్ఫేట్ మీటరు 0 చూపించింది. ఈ మీటరు ఫాస్ఫరస్‌ను పీపీబీలో (వంద కోట్లకు వంతుల్లో) చూపిస్తుంది. దాన్ని 3.07తో హెచ్చించి 1000తో భాగిస్తే ఫాస్ఫేట్ పీపీఎం. పొరపాటు ±5 పీపీబీ కాబట్టి సున్నా అంటే 0.015 లోపు ఎంతైనా కావచ్చు. రెండు రోజుల్లో రాళ్ల మీద గోధుమ రంగు చీమిడి తీగలు, కొసల్లో గాలి బుడగలు. మధ్యాహ్నానికి దట్టంగా, తెల్లవారేసరికి పలచగా. ఇవి డయాటమ్‌లా, డైనోఫ్లాజెల్లేట్లా (రెండూ సూక్ష్మమైన ఏకకణ జీవులు) అన్న అనుమానం తీరడానికి ఆ జిగురును చిన్న సీసాలో నీళ్లతో గట్టిగా ఊపి, కాఫీ ఫిల్టర్ కాగితంలో వడకట్టి, వడిసిన నీళ్లను గంటసేపు లైటు కింద ఉంచాం. తేటగా ఉన్న నీళ్లలో మళ్లీ తీగలు కట్టాయి. డైనోలే. పోషకాలు అడుగంటితే మిగతా నాచులన్నీ వెనకబడి వీటికి రాజ్యం దక్కుతుంది.

తప్పు ఎక్కడ జరిగిందో వెనక్కి చూస్తే రెండు చోట్ల. మొదటిది: రెఫ్యూజియం రాకముందు నుంచీ నడుస్తున్న జీఎఫ్ఓ రియాక్టర్‌ను (ఫాస్ఫేట్‌ను పట్టే ఐరన్ ఆక్సైడ్ గుళికలున్న గొట్టాన్ని) ఆపలేదు. నాచూ అదీ కలిసి ఒకే కంచంలో తిన్నాయి. రెండోది మొదటిరోజు అంకెల్లోనే ఉంది. సముద్రపు అడుగున పెరిగే మొక్కల్లో కార్బన్, నైట్రోజన్, ఫాస్ఫరస్ పరమాణువుల నిష్పత్తి నడిమి అంకె 550:30:1 అని అట్కిన్సన్, స్మిత్ 1983లో లెక్కగట్టారు. 30:1ని నైట్రేట్, ఫాస్ఫేట్ బరువుల్లోకి మారిస్తే దాదాపు 20:1. అంటే 20 పీపీఎం నైట్రేట్ తగ్గించాలంటే నాచు 1 పీపీఎం ఫాస్ఫేట్ కూడా తింటుంది. మన ట్యాంకులో మొదట ఉన్నది 28కి 0.19, అంటే 147:1. మేత నుంచి, రాళ్లకు పట్టిన పాత నిల్వ నుంచి ఫాస్ఫేట్ వస్తూ ఉండబట్టి పది వారాలు నడిచింది గానీ, ముందు అడుగంటేది ఏదో మొదటిరోజే తెలిసి ఉండాల్సింది.

చేసిన పనులు: జీఎఫ్ఓ ఆపేశాం. రెఫ్యూజియం లైటు 12 గంటల నుంచి 7కి దించాం. కోత ఆపాం, తిండి లేని నాచు ఎలాగూ పెరగదు. ట్రైసోడియం ఫాస్ఫేట్ డోడెకాహైడ్రేట్ 4 గ్రాములు లీటరు ఆర్ఓ (ఫిల్టర్‌లో శుద్ధి చేసిన) నీళ్లలో కలిపితే లీటరుకు 1 గ్రాము ఫాస్ఫేట్ ఉన్న ద్రావణం వస్తుంది. అందులో 5 మి.లీ. ఈ 250 లీటర్లలో 0.02 పీపీఎం పెంచుతుంది. నీరు కలవని రకం అయితే 4 గ్రాములు కాదు, 1.73 గ్రాములే. సీసా మీద ఏ రకమో చూడకుండా కలిపితే రెండింతలకు పైగా పడుతుంది. రోజూ 5 మి.లీ. పోస్తూ పోయాం. మొదటి నాలుగు రోజులు మీటరు కదల్లేదు, రాళ్లు పీల్చేసుకున్నాయి. తొమ్మిదో రోజుకు 0.04.

దీనికి తిరగబడ్డ పరిస్థితి, అంటే నైట్రేట్ సున్నా అయి ఫాస్ఫేట్ మిగిలిపోవడం, కూడా తరచూ వస్తుంది. అప్పుడు సోడియం నైట్రేట్ 34.3 గ్రాములు లీటరు నీళ్లలో. 10 మి.లీ. పోస్తే 250 లీటర్లలో 1 పీపీఎం పెరుగుతుంది. రోజుకు అంతకు మించొద్దు.

13వ వారం

డైనోలు రాళ్ల మీద నుంచి పోయాయి, పెద్ద ట్యాంకు ఇసుక మీద ఒక మూల మాత్రం మిగిలాయి. నైట్రేట్ 7, ఫాస్ఫేట్ 0.05. నాచు 240 గ్రాములు, కొసలు పాలిపోయి ఉన్నాయి. తిండి ఉండీ పాలిపోతోందంటే ఇనుము తక్కువైందేమో చూడాలి. ఇనుము మందు సీసా మీద రాసిన మోతాదులో పావు వంతు వారానికి రెండుసార్లు మొదలుపెట్టాం. ఇనుము ఎక్కువైతే ట్యాంకులో అక్కర్లేని నాచులూ లేస్తాయి.

రెఫ్యూజియం గాజుకు జుట్టు నాచు పట్టింది. చూడ్డానికి చిరాకే, కానీ అదీ తినేది అదే నైట్రేట్, అదే ఫాస్ఫేట్. గీకి, జల్లెడలో తూచి (35 గ్రాములు), కీటోతో పాటే లెక్కలో రాసుకున్నాం.

రాత్రి 11 గంటలకు పెద్ద ట్యాంకు గాజు మీద టార్చి వేస్తే వేలి గోరంత చోటులో ఏడెనిమిది తెల్ల చుక్కలు పాకుతున్నాయి. మొదట్లో ఒక్కటీ ఉండేది కాదు. కింద పుట్టిన కోపెపాడ్లు పంపులోంచి పైకి చేరుతున్నాయన్నమాట. పై నుంచి దిగేవి మాత్రం ఫిల్టర్ సంచిలో చిక్కి చస్తున్నాయి. సంచి మూడు రోజులకోసారి మార్చి, తీసిన దాన్ని ట్యాంకు నీళ్ల బకెట్‌లో తిరగేసి జాడిస్తే కొన్నయినా బతుకుతాయి. ఈ చుక్కలను చూసి మాండరిన్ చేపను తెచ్చేయాలనిపిస్తుంది. అది పగలంతా ఏరుకుంటూనే ఉంటుంది. 190 లీటర్ల రాళ్లను కొద్ది వారాల్లో ఊడ్చేస్తుంది, 27 లీటర్ల గది దానికి వెనువెంటనే పంపలేదు. గడ్డకట్టిన మేత తినడం నేర్చిన చేప దొరికితే తప్ప ఆ ఆలోచన పక్కన పెట్టాం.

16వ వారం

రెఫ్యూజియం లైటు 9 గంటలు. తూకం 350, తీసింది 150. నైట్రేట్ 8, ఫాస్ఫేట్ 0.06. ఇప్పుడు నైట్రేట్ ఎక్కితే లైటు గంట పెంచుతాం, ఫాస్ఫేట్ 0.03 కిందికి దిగితే గంట తగ్గిస్తాం. మార్చాక రెండు వారాలు ఆగి కొలుస్తాం. ఒకసారికి ఒకే మార్పు.

వచ్చే ఆదివారం పనులు: సైఫన్ రంధ్రం పొడవాలి, జగ్గుతో ధార కొలవాలి, పంపు విప్పి దారాలు తీయాలి. జాలీ కింద చెత్త ఒక మూల వేలి మందాన పేరుకుంది, నీళ్లు మార్చేటప్పుడు ముందు అక్కడే గొట్టం పెట్టాలి.